బోగోలు అంకెలు వచ్చిన రోజు

1968 వానాకాలంలో నన్ను ముత్తుకూరు దగ్గరి తీర సర్వే కార్యాలయానికి అసిస్టెంట్ ప్రోగ్రామర్‌గా వేశారు. ఆటుపోట్ల లెక్కలకు అక్కడొక పాత కంప్యూటర్ ఉండేది. అది తరచూ పని మధ్యలో ఆగిపోయేది. దాని మానిటర్‌ను మళ్ళీ నిర్మించాలనుకున్నారు. నిర్మించే ముందు, ఏది ఎలా ఉండాలో దానికి చెప్పే ఆప్షన్ కార్డులన్నీ పరిశీలించి సంతకం పెట్టడం నా పని.

మానిటర్ అంటే తక్కిన ప్రోగ్రాములను వరసగా నడిపించే మూల ప్రోగ్రామ్. ఇప్పటివాళ్ళు కెర్నల్ అంటున్నది దాని వంశమే. మెమరీలో దానికొక మూల ఉంటుంది. ఆ మూలలో ఇతర ప్రోగ్రాములు ఏం చేయవచ్చో ఒక కార్డు చెబుతుంది: చదివి రాయవచ్చు, చదవడం వరకే, అసలు తాకకూడదు. మావాళ్ళు మొదటిది పెట్టుకున్నారు. కాపలా పెడితే కాస్త మెమరీ ఖర్చవుతుందని పిసినారితనం. దాంతో ఏ ప్రోగ్రామ్ పొరపాటున అక్కడ రాసినా మానిటరే చెడిపోయేది.

యంత్రం ఎప్పుడు ఆగినా సరోజిని ప్రోగ్రామ్ మొదలయ్యే చోటే ఆగేది. సరోజినిది కావలి పక్క రైతు కుటుంబం, ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. ఆమెను పర్మనెంటు చేయకుండా ఇంటికి పంపేయాలని మా అధికారి రాఘవరెడ్డి గారు దాదాపు నిశ్చయించుకున్నారు. ఒకరోజు ఆమె నా బల్ల దగ్గరికొచ్చి, "నా చోటు దాటి నేనేం రాయలేదు సార్. ఎన్నిమార్లో చూసుకున్నా. మీరన్నా నమ్మండి" అనింది. నాకు జాలేసింది. కానీ జాలిపడి సంతకం పెట్టలేం కదా.

తేదీ వంటివి ప్రతి ప్రోగ్రామూ మానిటర్ మూలలోంచే చదువుకోవాలి కనుక పూర్తిగా మూసేయడం కుదరదు. 'చదవడం వరకే' కార్డు పెట్టాను. ఎవరైనా రాయబోతే యంత్రం అక్కడే ఆగి, ఆ ప్రోగ్రామ్ పేరు టైపు కొడుతుంది. రెడ్డి గారు మెమరీ దండగని విసుక్కున్నారు. చివరికి, ఆ పిల్ల పేరే బయటపడుతుందిలే అని ఒప్పుకున్నారు.

కొత్త మానిటర్ ఎక్కించాక యంత్రం ఒక్కసారీ ఆగలేదు. సరోజిని భయపడి తప్పు దిద్దుకున్నట్టుందని రెడ్డి గారు అందరి ముందూ అన్నారు. నాకు ఒళ్ళు మండింది, కానీ చూపించడానికి చేతిలో ఏమీ లేదు.

వానలకు తెగిన కావలి రోడ్డు బాగయ్యాక, అన్నాళ్ళూ ఆగిపోయిన బోగోలు ఆటుపోట్ల కేంద్రం అంకెలు బస్సులో వచ్చాయి. అన్ని కేంద్రాల అంకెలనూ పట్టికలో సర్దేది రెడ్డి గారు స్వయంగా రాసిన ప్రోగ్రామ్. దాన్ని నడపగానే యంత్రం ఆగి, దాని పేరే కొట్టింది.

బోగోలు కేంద్రాన్ని ఆ మధ్యే చేర్చారు, పట్టికలో చోటు మాత్రం పెంచలేదు. అందుకని దాని అంకెలు పొంగి మానిటర్ మూలలో పడేవి. దెబ్బతిన్న మానిటర్ తర్వాతి ప్రోగ్రామ్‌ను పిలవబోయి కూలేది. వరసలో ఆ తర్వాతది సరోజినిది. బోగోలు అంకెలు రాని రోజుల్లో ఏ గొడవా ఉండేది కాదు.

రెడ్డి గారు తన ప్రోగ్రామ్ పేరు పడిన ఆ కాగితం చించుకుని జేబులో పెట్టుకుంటారనుకున్నాను. ఆయన నేరుగా సరోజిని బల్ల దగ్గరికి వెళ్ళి, ఆమె ముందు పెట్టి, "ఇది నాదమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆయన మీద నా కోపం పోయింది. ఆమె చదువుకుని, "పట్టిక నేను సరిచేసేదా సార్?" అని అడిగింది. ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. ఆ నెలలోనే ఆమె ఉద్యోగం ఖాయమైంది.

తర్వాత చాలాచోట్ల మానిటర్లు పరిశీలించాను. ముందు ఆ కార్డే తీసి చూసేవాణ్ణి. యంత్రం ఎవరి దగ్గర ఆగిందో అందరికీ కనిపిస్తుంది. మానిటర్ మూలలో ఎవరు రాశారో మాత్రం, చెప్పే ఏర్పాటు ముందే ఉంటేనే తెలుస్తుంది. ఆ ఏర్పాటు లేనిచోట నేను ఎవరి మీదా నివేదిక రాయలేదు.