మూడు బిందీల చిరునామా

ఆ రోజుల్లో నాకు లోకంలో ఎవరిమీదా నమ్మకం ఉండేది కాదు, నామీద తప్ప. (ఇప్పుడు సరిగ్గా తిరగబడింది.) కాకినాడ నుంచి వచ్చి గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, జనక్‌పురిలో మేడమీద గది అద్దెకు తీసుకున్న కొత్త. నా ఫొటోలు ఊరూపేరూ తెలియని కంపెనీవాడి దగ్గర ఎందుకుండాలి, నా ఇంట్లోనే ఉండాలి అని ఒక సిద్ధాంతం పెట్టుకున్నాను. నెహ్రూ ప్లేస్‌లో పాత సామాన్లు ఏరుకొచ్చి ఒక కంప్యూటర్ కూర్చాను. దాన్ని రాత్రింబవళ్ళు ఆపకుండా నడిపితే, నా ఇంటి ఇంటర్నెట్ నంబరు తెలిసినవాళ్ళు ఎక్కడి నుంచైనా అందులోని ఫొటోలు చూడొచ్చు. మూత పట్టక తెరిచే ఉంచి, ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దానివైపే తిప్పి, నేను చెమటలు కక్కుతూ పడుకునేవాణ్ణి. ఆఫీసులో మాత్రం దాన్ని 'నా సర్వర్' అనేవాణ్ణి.

ఆ సిద్ధాంతం నాతోనే ఉంటే బాగుండేది. మా పెద్దమ్మ కూతురు కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో ఉండేది. బావకు సైన్యంలో ఉద్యోగం, కొండల్లో పోస్టింగు. పాప పుట్టింది గానీ బావకు సెలవు రద్దయింది. పదిహేను రోజుల తర్వాత ఒక బుధవారం రేషన్ బండిలో కిందికి దిగుతాడు, అక్కడో ఇంటర్నెట్ కొట్టు ఉంది, చేతిలో ఒక్క గంట. నాలుగు ఫొటోలు మెయిల్లో పంపరా అంది అక్క. నాకు అది చిన్నతనంగా తోచింది.

"నలభై ఫొటోలు నా సర్వర్లో పెడతానక్కా. బావ అక్కడ కూర్చుని మా ఇంట్లోకి తొంగిచూసినట్టే."

"నీ పెట్టె పనిచేస్తుందంటావా? ఆయన చూడకుండా తిరిగెళ్ళాడంటే మళ్ళీ పాపకి పళ్ళొచ్చాకేరా చూడ్డం," అంది అక్క.

పనిచేసేది, సాయంత్రం నుంచి పొద్దున్న పదింటిదాకా. నేను ఆఫీసులో అడుగుపెట్టేసరికి ఆగిపోయేది. రెండు ఆదివారాలు కూర్చుని దాని పేగులన్నీ బయటికి తీసి మళ్ళీ పెట్టాను. సోమవారం ఐడీ కార్డు మరిచిపోయి సగం దారిలో వెనక్కి వస్తే, ఇంటి ఓనరు ఆంటీ నా గదికి తాళం వేస్తూ కనిపించింది. (ఢిల్లీలో ఓనరు దగ్గర రెండో తాళంచెవి ఉంటుంది, అదొక ఆనవాయితీ.)

"రోజూ ఖాళీ గదికి పంఖా పెట్టి పోతావు బేటా. రోజూ నేనే బంద్ చేస్తున్నా," అంది, నేను కృతజ్ఞతలు చెబుతానని ఎదురుచూస్తూ. ఆ గాలి ఆగితే పెట్టె వేడెక్కి ఆగిపోతుంది మరి.

పెట్టెమీద ఇంగ్లీషులో 'ఆపవద్దు' అని రాసి అతికించిన కాగితం చూపించాను. అది నా పరీక్షల టైంటేబులనుకుందట. కోపం ముంచుకొచ్చింది గానీ, కోప్పడేంత హిందీ నాకు రాదు. వచ్చిన నాలుగు ముక్కల్లోనే పాప సంగతీ, బావ సంగతీ చెప్పాను. ఆంటీ మెట్లమీదే కూర్చుండిపోయింది.

"అచ్ఛా, బచ్చీ ఇందులో ఉందా? ముందే చెప్పాలి కదా," అంది.

బుధవారం పదకొండింటికి ఆఫీసులో ఉండగా బావ ఫోను. "ఏమోయ్, ఇక్కడ ఏమీ రావట్లేదు. నలభై నిమిషాలే ఉంది నాకు."

ఐదు నిమిషాలాగి మళ్ళీ చేయమని చెప్పి, ఆంటీకి ఫోన్ చేశాను. జనక్‌పురిలో కరెంటు పోయిందట. "ఘబరావ్ మత్," కంగారుపడకు అంది. అంకుల్ పంఖా, తన టీవీ రెండూ ఆపేసి, ఇన్వర్టర్ నుంచి మేడమీదికి వైరు లాగిందట. పెట్టె నడుస్తోందట. మరి బావకెందుకు రాలేదు? అప్పుడు గుర్తొచ్చింది నా తెలివి. మోడెం ఆగి వెలిగిన ప్రతిసారీ నా ఇంటికి కొత్త నంబరు పడుతుంది. అక్క ద్వారా పంపిన పాత నంబరు పట్టుకుని బావ ఎవరి తలుపు కొడుతున్నాడో. అదృష్టం కొద్దీ, కొత్త నంబరు స్క్రీన్ మీద పెద్దగా కనబడే ఏర్పాటు నా సౌకర్యం కోసం చేసుకుని ఉన్నాను.

"ఆంటీ, పైకెళ్ళి స్క్రీన్ మీద అంకెలు చదవండి."

కార్డ్‌లెస్ ఫోను పట్టుకుని ఆయాసపడుతూ ఎక్కింది. ఒక్కొక్క అంకే హిందీలో చదివి, ఆగి, "అబ్ నీచే ఏక్ బిందీ హై," అంది. ఆ చుక్కలు మూడూ ఆమెకు బిందీలే. రాసుకున్నాను. బావ మళ్ళీ ఫోన్ చేస్తే, ఆ కంగారులో ఆయనకీ బిందీలతోనే చదివాను.

"బిందీ ఏంటోయ్, చుక్కా?" అన్నాడు బావ. తర్వాత కీబోర్డు టకటకలు వినిపించాయి. "దీని చెవులు మా అమ్మవోయ్," అన్నాడు చివరికి. నేను ఆఫీసు మెట్లమీదికి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

సాయంత్రం ఇంటికెళితే ఆంటీ ఇంకా నా గదిలోనే స్టూలు మీద కూర్చుని, పెట్టెకి విసనకర్రతో విసురుతోంది. కరెంటు ఎప్పుడో వచ్చింది. ఫ్యాను వేయడం ఆమెకు తోచనే లేదు.

"బావ గంట ఎప్పుడో అయిపోయిందాంటీ," అన్నాను.

"అయినా, మళ్ళీ చూస్తాడేమోనని," అంది.

ఇప్పుడు నా ఫొటోలన్నీ ఊరూపేరూ తెలియని కంపెనీవాడి దగ్గరే ఉన్నాయి. సిద్ధాంతం ఓడిపోయింది, సిగ్గుపడటం కూడా మానేశాను. మొన్న ఆ పాపే (ఇప్పుడు కాలేజీలో కంప్యూటర్లు చదువుతోంది, చెవులు అలాగే ఉన్నాయి) ఇంట్లో సొంత సర్వర్ పెట్టుకుంటానని ఫోన్ చేసింది.

"క్యా క్యా లగేగా, మామయ్యా?" అని, ఏమేం కావాలో అడిగింది.

నాకు తెలిసినవన్నీ చెప్పాను. అవన్నీ తర్వాత, ముందు కింద ఒక ఆంటీ ఉన్న ఇల్లు చూసుకోమన్నాను.