పికిలిపిట్ట కొలతలు

మా గైడ్ మేడం నోట నేను ఎక్కువసార్లు విన్న మాట ఒక్కటే: "ఇంకోసారి కొలవండి." రాజమండ్రిలో జాకెట్టు గుడ్డ కొన్నా షాపతనితో అదే మాట.

మారేడుమిల్లి అడవిలో పికిలిపిట్టలను వలలో పట్టి, కొలిచి, వదిలేసేవాళ్లం. వాటిలో ఆడా మగా చూపుకి ఒక్కలాగే ఉంటాయి. రెక్క పొడవునూ ముక్కు పొడవునూ బట్టి, పొడుగైతే మగదని తేల్చవచ్చని మేడం నమ్మకం. నా పీహెచ్‌డీ మొత్తం ఆ నమ్మకం మీదే వేలాడుతోంది.

ఆ రోజు ఒక పిట్ట రెక్క బాగా పొడుగు తేలింది.

"మగదేనండి," అన్నాను.

"ఇంకోసారి కొలవండి."

కొలిచాను. అదే పొడవు.

"పాపం, అలిసిపోయింది. కాసేపు సంచిలో ఉంచి ఇంకోసారి కొలవండి."

పిట్ట మీద ఉన్న జాలి నా మీద లేదేం అని పళ్లు కొరుక్కుంటూ దాన్ని నూలు సంచిలో పెట్టాను.

కాసేపాగి చెయ్యి పెడితే పిట్టతోపాటు వెచ్చగా ఇంకేదో తగిలింది. గుడ్డు! మా మగపిట్ట గుడ్డు పెట్టింది. ఒళ్లు మండి పిట్టను అక్కడే వదిలేశాను. తుర్రుమని పొదల్లోకి పోయింది.

"చూశారా మేడం? ఇంకేం కొలుస్తామండి?"

మేడం గుడ్డును అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఈసారైనా తన నమ్మకం తప్పని ఒప్పుకుంటారని ఎదురుచూశాను.

"పిట్ట ఎలాగూ పోయింది కదా," అంటూ పొడవు కొలిచే క్యాలిపర్ నా చేతికిచ్చారు, "దీన్ని కొలవండి."

కొలిచి చెప్పాను. ఆవిడ నోరు తెరిచేలోపే మళ్లీ కొలవడం మొదలుపెట్టాను.