ఆరో పేరు

విక్టోరియా రాణిగారి సైన్యంలో సిపాయి పెళ్లాలు రెండు రకాలు: పట్టీకెక్కినవాళ్లు, ఎక్కనివాళ్లు. కంపెనీలో వందమంది సిపాయిలుంటే ఆరుగురి భార్యల పేర్లే పట్టీలో ఉంటాయి. వాళ్లకు బ్యారక్‌లో ఓ మూల దుప్పటి అడ్డం కట్టుకుని కాపురం చేసుకునే హక్కు, సిపాయిల బట్టలుతికే పని, పటాలం పరాయి దేశం వెళితే ఓడలో చోటు. మిగతావాళ్లు పెళ్లాలే కారు. పాదిరి చేసిన పెళ్లి దేవుడికి చెల్లుతుందేమో గానీ కల్నలుగారికి చెల్లదు.

థర్జా ట్యాప్సెల్ ఎక్కని రకం. ఆమె మొగుడు రూబెన్, ఇంగ్లండులో కెంట్ జిల్లా పల్లెల్లో ఇటుకబట్టీ కూలీ. ఒక చలికాలం మట్టి గడ్డకట్టి పని ఆగిపోతే, ఆకలికి తాళలేక సిపాయి ఎర్రకోటు తొడుక్కున్నాడు. రెండేళ్లకు పైవాళ్ల అనుమతి లేకుండా థర్జాను చేసుకున్నాడు. మంచివాడే. ఎవరికీ ఎదురుచెప్పనివాడిని మంచివాడనడం లోకం అలవాటు కదా! 1850 నాటికి వాళ్లకు మూడేళ్ల కూతురు, పేషెన్స్. చాతమ్ కోట వెనక సందులో, చేపలమ్మే కొట్టు మీద ఒక్క గది.

ఆ జనవరిలో కబురొచ్చింది. ఏప్రిల్ ఆఖరుకు పటాలం ఆఫ్రికా దక్షిణపు కొసనున్న కేప్‌కు వెళ్తోంది, పదేళ్లపాటు. పట్టీలో పేరు లేకపోతే థర్జాకు మొగుడు బతికుండీ లేనట్టే. బీదల ఆశ్రమం తప్ప మరో దిక్కు లేదు. అక్కడ తల్లిని ఓ వైపు, బిడ్డను ఓ వైపు పడేస్తారు.

పట్టీలో ఆరో పేరు సార్జెంటు పిల్బీమ్ భార్య డోర్కస్‌ది. ఆమె దగ్గుతోంది. నోటికడ్డం పెట్టుకున్న గుడ్డ రోజూ ఎర్రబడుతోంది.

"ఆవిడ దక్కదు థర్జా," అన్నాడు పిల్బీమ్. "వచ్చి నాలుగు రోజులు చూసుకో. చోటు ఖాళీ అయితే నీ పేరే ఎక్కించమని కెప్టెన్ గారితో చెబుతా. సార్జెంటు మాటిది."

థర్జా వెళ్లింది. ఆ దగ్గు మధ్యకు పసిదాన్ని తీసుకెళ్లలేక, పుట్టింటి ఊళ్లో ఉన్న చెల్లెలు కెజయాకు కబురు పెట్టింది. పంతొమ్మిదేళ్ల కెజయా పరుగున వచ్చింది. పేషెన్స్‌తో పాటు పిల్బీమ్ పిల్లలిద్దరినీ కూడా చూసింది. మూడుపూటలా బ్యారక్‌కు వచ్చి సార్జెంటుకు టీ కాచింది.

"ఏమే, ఇవాళైనా పోతానా?" అనేది డోర్కస్, థర్జా గిన్నె పట్టుకుని దుప్పటి తొలగించగానే.

"ఊరుకో వదినా. గంజి తాగు."

"తాగుతా. చావడానికీ ఓపిక కావాలి. నీకు తొందర కదా!"

థర్జాకు మొహం మండేది. అబద్ధమైతే మండదుగా. గంజిలో ఒక్క చెంచా తగ్గించలేదు, పక్కగుడ్డలు ఒక్కరోజు మార్చకుండా ఉండలేదు. అలాగని ఆమె కోలుకోవాలని ఒక్కసారీ దేవుడికి మొక్కలేదు. ఓడ బయల్దేరే రోజునీ ఆ దగ్గునీ పక్కపక్కన పెట్టి చూసుకునేది, చూసుకున్నందుకు తనను తానే తిట్టుకునేది.

ఒకనాడు దుప్పటి అవతల కెజయా నవ్వు వినిపించింది. పిల్బీమ్ ఏదో జోకేశాడు. డోర్కస్ చెవులు రిక్కించింది.

"నీ చెల్లెలికి నవ్వు బాగానే వచ్చే! పిచ్చిదానా, నేను పోతే ఖాళీ అయ్యేది పట్టీలో చోటొక్కటే అనుకుంటున్నావా? ఈయన పక్కలో చోటు కూడానే."

"సార్జెంటు గారు మాటిచ్చారు వదినా."

"నాకూ ఇచ్చాడులే, పెళ్లినాడు."

రోగిష్టి మనిషి నిష్ఠూరం అనుకుని థర్జా గిన్నె కడిగేసుకుంది.

మార్చి రెండో వారంలో డోర్కస్ పోయింది. స్నానం చేయించి, జుట్టు దువ్వి, ఉన్నవాటిలో మంచి గౌను తొడిగింది థర్జానే. ఆ ఆదివారం పటాలం చర్చిలో వెనక బెంచీ మీద కూర్చుంది. పెళ్లి కావలసినవాళ్ల పేర్లు పాదిరి చదివాడు: సార్జెంటు అమోస్ పిల్బీమ్, భార్య చనిపోయినవాడు, కెజయా వికెండెన్, అవివాహిత. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పాలి.

థర్జా లేచి నిలబడింది. అందరూ తిరిగి చూశారు. అభ్యంతరం గొంతుదాకా ఉంది. కానీ చర్చి అడిగే రకం అభ్యంతరం కాదది. కూర్చుంది. ముందు వరసల్లో రూబెన్ తన బూట్లు చూసుకుంటున్నాడు.

"ఎంత పని చేశావే!" అంది థర్జా ఇంటికి రాగానే.

"ఏం చెయ్యమంటావక్కా?" కెజయా కళ్లనీళ్లు పెట్టుకుంది, కానీ తగ్గలేదు. "నేను కాదంటే ఇంకొకతి. సార్జెంటు పెళ్లాం చోటు ఖాళీగా ఉంచుతారా ఎవరైనా? పోయి బీరులో వేసే హాప్స్ తోటల్లో కూలి చేస్తూ ముసలిదాన్నైపోనా?"

"అది నా చోటే!"

"నీ పేరు రాశారా?"

థర్జా మొగుడివైపు తిరిగింది. "మాట్లాడవేం?"

"సార్జెంటు కదా థర్జా," అన్నాడు రూబెన్. "ఆయన్ని నేనేమనను?"

"అవున్లే. నీకు దేవుడు నోరిచ్చింది బీరు తాగడానికి."

పెళ్లయిన మర్నాడు కెజయా మళ్లీ వచ్చింది, డోర్కస్ శాలువా కప్పుకుని. "పేషెన్స్‌ని నాతో పంపు. ఆయన పిల్లల్లో కలిపి రాయిస్తారు. తిండి ఉంటుంది, బావ కళ్లముందుంటుంది. ఇక్కడ ఆశ్రమంలో ఏముందక్కా?"

ఏముందో ఆ సందులో అందరికీ తెలుసు. ఆ చలికాలమంతా ఆశ్రమం గేట్లోంచి చిన్న చిన్న శవపెట్టెలు వస్తూనే ఉన్నాయి. తనను ముంచినదే సరైన మాట చెబుతోందని థర్జాకు ఒళ్లు మండింది. రెండు రోజులు కుదరదంది. మూడోరోజు ఒప్పుకుంది.

కానీ ఓడెక్కేటప్పుడు మీ అమ్మెవరని ఆఫీసరు పిల్లల్ని అడుగుతాడు. అందుకని నేర్పించింది. వేరెవరో కాదు, థర్జానే నేర్పించింది.

"ఈవిడెవరు?" అని కెజయాను చూపించేది.

"పిన్ని."

"కాదు, అమ్మ. మరి నేను?"

"అమ్మ."

"కాదు తల్లీ. పిన్ని."

సరిగ్గా చెప్పినప్పుడల్లా పాకం రాసిన రొట్టెముక్క పెట్టేది. వారం తిరిగేసరికి పిల్ల తడుముకోవడం మానేసింది.

ఆ పిల్లే మా ముత్తవ్వ. మా ఇంటి గోడమీద వేలాడే మీసాలాయన సార్జెంటు పిల్బీమ్. ఏటా దులిపి దండం పెట్టినంత పని చేస్తారు మావాళ్లు. ఆయన రక్తం మాలో చుక్క లేదు. రూబెన్‌కు ఫొటో లేదు. కేప్‌లో మూడో ఏట జ్వరంతో పోయాడు. థర్జా మళ్లీ కూతుర్ని చూడలేదు.

ఆ ఏప్రిల్ ఆఖరున, ఓడెక్కే రోజు, గ్రేవ్స్‌ఎండ్ రేవులో బ్యాండు వాయిస్తున్నారు. రూబెన్ థర్జా చేతులు పట్టుకుని, "రెండేళ్లలో పిలిపించుకుంటానే," అన్నాడు. అన్నప్పుడు నిజంగానే అన్నాడు. పైన ఓడ అంచున ఆఫీసరు పట్టీ పట్టుకుని పిల్లల ముందు ఒక్కో క్షణం ఆగి కదులుతున్నాడు. పేషెన్స్ ముందు వంగాడు. పిల్ల వేలెత్తి కెజయాను చూపించింది. ఆయన ఏదో గీసుకుని ముందుకెళ్లాడు.

అప్పుడు పిల్ల కిందకు చూసింది, జనంలో థర్జాను గుర్తుపట్టింది, రెండు చేతులూ ఊపుతూ మొహమంతా నవ్వుతో అరిచింది.

"పిన్నీ! పిన్నీ! సరిగ్గా చెప్పా, రొట్టె ఏదీ?"