లెక్కలో పడని ఎంక్వైరీలు

ఈ ఉదయం పటాన్‌చెరులో ఒక వాల్వుల ఫ్యాక్టరీ యజమాని ఎదుట కూర్చుని నేను అబద్ధం చెప్పాను. వెబ్‌సైట్ల లెక్కలు సరిచూడడం నా పని. వాళ్ల వెబ్‌సైటులో ట్యాగులన్నీ తనిఖీ చేశానని, అవి బాగానే ఉన్నాయని, ఎంక్వైరీలే రావడం లేదని అన్నాను. ట్యాగు అంటే, కస్టమరు ఫారం నింపి పంపగానే ఆ సంగతిని లెక్కలో వేసే చిన్న కోడ్ ముక్క. అది సరిగా లేదని నాకు తెలుసు. తెలిసే అన్నాను, ఎందుకంటే అక్కడ ఎంక్వైరీలు చూసుకునే మనిషి ఒకప్పుడు నా ఉద్యోగం పోగొట్టినవాడు.

ఫ్యాక్స్ మిషన్ల కాలం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇదే ఇండస్ట్రియల్ ఏరియాలో మరో ఫ్యాక్టరీలో, డీలర్ల ఆర్డర్లు వచ్చే మిషన్ ముందు కూర్చోవడమే నా మొదటి ఉద్యోగం. కందిలో మేనమామ ఇంట్లో ఉంటూ, ఆటోలో సగం బయటికి వేలాడుతూ వచ్చేవాణ్ణి. మిషన్ బరబరమంటూ కాగితాన్ని బయటికి తోస్తుంటే ఆ ఆర్డరు నేనే తెచ్చినంత గర్వంగా ఉండేది. ఒక శనివారం కాగితం రోల్ అయిపోయింది. సంగారెడ్డి వెళ్తున్నాను, తెస్తానని సేల్స్ ఆఫీసరు చెప్పి వెళ్లి, మరిచిపోయాడు. ఆలోగా రావలసిన పెద్ద ఆర్డరు చేయి జారింది. సోమవారం అందరి ముందు అతను, "గీ పోరడే మర్సిండు సార్, వీని ధ్యాసంత క్యాంటీన్ మీదనే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనేం తప్పు చేశానని అడిగితే ముఖం తిప్పుకున్నాడు. సాయంత్రానికి నేను గేటు బయట ఉన్నాను. తరువాత నేర్చుకున్న ప్రతి పనీ, తిప్పుకున్న ఆ ముఖం ఏదో ఒక రోజు నా ముందు వాలిపోతే చూడాలనే నేర్చుకున్నానేమో అనిపిస్తుంది.

ఆ రోజు ఇన్నాళ్లకు దొరికింది. ఈ యజమానికి ఒక అలవాటుంది. పొద్దున్నే అగరొత్తులు వెలిగించి, తన కంప్యూటర్‌లో దాచుకున్న పాత ఫారం పేజీ తెరిచి, బోణీగా మొదటి ఎంక్వైరీ తానే పంపుతాడు. అది లెక్కలో పడుతుంది కనుక ట్యాగు భేషుగ్గా ఉందని ఆయన నమ్మకం. కస్టమర్లకు తెరుచుకునేది మాత్రం కొత్త ఫారం; అందులో ట్యాగు పెట్టడం ఎవరో మరిచారు. అందుకే రోజూ లెక్కలో బోణీ ఒక్కటే కనబడుతోంది; ఆ లెక్క తప్ప ఆయన మరేదీ నమ్మడు. తప్పంతా ఆ పాత ఆఫీసరు బద్ధకానిదేనని తేల్చి, అతణ్ణి మాన్పించడానికి యజమాని నా మాట కోసమే ఆగాడు. నేను ఆ మాట ఇచ్చాను. తియ్యగానే అనిపించింది.

గేటు దగ్గర ఆ ఆఫీసరు నా వెనకే వచ్చి చాయ్ ఇప్పించాడు. జుట్టంతా నెరిసింది.

"జెర మళ్ల సూడు తమ్మీ. కస్టమర్లు ఫారం నింపుతున్నరు, నేను ఫోన్ చేసి మాట్లాడుతున్న. లెక్కల ఎందుకు పడ్తలేవు? నేనేం తప్పు జేసిన?"

అతని ముఖం చాయ్ గ్లాసులోకి వాలిపోయింది. పాత ఫ్యాక్టరీ పేరు చెప్పి, ఫ్యాక్స్ దగ్గర కూర్చునేవాణ్ణి అన్నాను. చాలాసేపు నన్ను చూశాడు. "యాదికొస్తలేదు తమ్మీ" అన్నాడు.

అప్పుడు వచ్చిన కోపం ఆ సోమవారం కూడా రాలేదు. బండెక్కి, కంది దాకా అతణ్ణి తిట్టుకుంటూనే వెళ్లాను. అక్కడ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తట్టింది: అతను రోల్ మరిచి, భయపడి నా మీదికి తోశాడు. నాకు భయం లేదు, మరుపూ లేదు. నేను కావాలనే చేశాను.

వెనక్కి తిరిగాను. యజమాని ముందే నా ఫోన్‌లో ఫారం నింపి పంపి, అది లెక్కలో పడకపోవడం చూపించాను.

"మరి పొద్దుగాల గట్లెందుకు చెప్పినవ్?"

"పాత కక్ష, సేట్. ఆయన తప్పేం లేదు."

ఆయన కంప్యూటర్ నా వైపు తిప్పాడు. "సక్కగ చేసి పో. ఇగ నువ్వు రాకు" అన్నాడు.

ట్యాగు పెట్టాను. వెనుకటి రోజుల్లో కాగితం రాకపోతే మిషన్ మూగబోయేది, గదిలో అందరికీ తెలిసేది. ఇప్పుడు ఏది పోయినా చప్పుడు కాదు, పోయినట్టు కూడా ఎవరికీ తెలియదు. చివరగా పరీక్షకు ఒక ఎంక్వైరీ పంపాలి. అది నేరుగా అతని ఫోన్‌కే వెళ్తుంది. సందేశం గడిలో, రోల్ తెస్తానన్నది మీరే అని టైపు చేశాను. కాసేపు దాన్నే చూశాను. తుడిచేసి, 'మీ ఫారం ఇప్పుడు పనిచేస్తోంది' అని రాసి పంపాను. లెక్కలో పడింది.