చప్పుడు అణిగేదాకా

వెన్న కరిగే వాసన రాగానే ఇప్పటికీ నా చెయ్యి ఫ్యాను స్విచ్చి మీదికి పోతుంది. పొయ్యి మీది చప్పుడు వినబడాలి కదా మరి! భవానీపురంలో మా పక్కింటి సుభద్రమ్మ పిన్నిగారు నేర్పిన అలవాటిది. మా వీధిలో ఏ బిడ్డకు అన్నప్రాశన జరిగినా మొదటి ముద్దలో ఆవిడ కాచిన నెయ్యే పడాలి. ఆవిడ గడియారం చూసేవారు కాదు. వరండాలో బియ్యం ఏరుకుంటూ, వాసన పట్టి, లేచి వెళ్లి గిన్నె దించేవారు.

ఆవిడకు క్యాన్సర్ కాలేయం దాకా పాకి, ఇక మందులు పనిచేయవని డాక్టర్లు చెప్పేశాక కూడా, ఎదురింటివాళ్ల మనవరాలికి నెయ్యి కాస్తానని మాటిచ్చారు. ఎవరు వద్దన్నా వింటేనా? నెయ్యి కాచే రోజు ఉదయం మాడు వాసనకు నేను పరుగెత్తుకెళ్లేసరికి పొయ్యి పక్కనే పీట మీద నిశ్చింతగా కూర్చుని ఉన్నారు.

"వాసన వచ్చిందా అమ్మాయ్?" అని అడిగారు.

"కమ్మగా వస్తోంది పిన్నిగారూ" అన్నాను. జాలిపడ్డాను లెండి. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆవిడ గిన్నె వంచి నల్లబడ్డ అడుగు చూశారు. కొన్ని వారాలుగా కాఫీ, ఇంగువ, ఒంటి సబ్బు, ఏ వాసనా తెలియడం లేదని అప్పుడు బయటపెట్టారు. తిట్టినా బాగుండేది.

"నన్ను చూసి జాలిపడు, తప్పులేదు. నెయ్యి విషయంలో మాత్రం అబద్ధం చెప్పకు. తినేది పసిపిల్ల."

మర్నాడు మళ్లీ వెన్న పెట్టించారు. ఫ్యాను, టీవీ ఆపించి కళ్లు మూసుకున్నారు. వెన్న గలగలా మరిగింది, తర్వాత చిటపటలాడింది. నేను దించబోతే వేలెత్తి ఆపారు. చిటపట సన్నగిల్లి, అణిగీ అణగగానే "ఇప్పుడు దించు" అన్నారు. ఆ చప్పుడు ఎప్పుడూ ఉన్నదేనట, ముక్కు పనిచేసినన్నాళ్లూ పట్టించుకోలేదట. నలభై ఏళ్లు ముక్కుతో కాచిన మనిషి ఒక్క రోజులో చెవితో కాచారు! చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది, ఆవిడకు తప్ప. పాప నాయనమ్మ గుమ్మంలోకి వచ్చి, వాసన రోడ్డు దాకా వస్తోందని మురిసిపోయింది. పిన్నిగారు ఆమెవైపు చూడనే లేదు.

"నువ్వు చెప్పు" అన్నారు నాతో.

"మాడలేదు పిన్నిగారూ."

నమ్మారు. నిన్న అబద్ధమాడిన నన్నే నమ్మారు. పాప అన్నప్రాశన చూసి, ఆ నెలలోనే వెళ్లిపోయారు.

ఇప్పుడు మా వీధి పిల్లల మొదటి ముద్దలోకి నెయ్యి నేను కాస్తున్నాను. దించాక ఆవిడకు చెప్పడం మానలేదు. మాడిన రోజున కూడా, "మాడింది పిన్నిగారూ" అని పైకే చెప్పి, మళ్లీ వెన్న పెడతాను.