ఎవరి కుర్చీ వాళ్లే

కండక్టరు రంగనాయకులు ముప్పయ్యొక్కేళ్లు బస్సులో నిలబడే బతికాడు. తలుపు పక్కన కండక్టరుకని ఒక సీటు ఉంటుంది నిజమే గానీ, అందులో ఎప్పుడూ ఏ బాలింతో, ఏ ముసలమ్మో కూర్చుని ఉండేది. లెమ్మనడానికి ఆయనకు నోరు రాదు. తక్కిన విషయాల్లో మాత్రం మహా నిక్కచ్చి. టికెట్టు గూడూరు దాకే ఉందని, నాయుడుపేట వెళ్లాల్సిన సొంత మామగారిని గూడూరులోనే దించేసిన ఘనుడు.

భార్య వెంకటశేషమ్మ పోయాక ఆయనకు తెలిసొచ్చిందేమిటంటే, ఒంటరిగా తింటే అన్నం గొంతు దిగదని. వండుకోవడం వచ్చు, తినడమే రాదు. టీవీ ముందు పళ్లెం పెట్టుకుని చూశాడు, లాభం లేకపోయింది. చివరికి క్యారియర్ కట్టుకుని సూళ్లూరుపేట బస్సెక్కి, జనం మధ్య కూర్చుని పెరుగన్నం తిని, తిరుగు బస్సులో నెల్లూరు చేరేవాడు. పక్క సీటువాళ్లకు ఆవకాయ కూడా పంచేవాడు. రెండేళ్లు అదే వరస. కాబట్టి ఇందుకూరుపేట దాటాక రొయ్యల గుంటల అవతల, సముద్రం పక్కన, పెద్దవాళ్ల కోసం ‘కడలి కుటీరం’ అని కొత్తగా కట్టారనీ, అక్కడ అందరూ ఒకే హాల్లో కూర్చుని తింటారనీ వినగానే, ఇంకేమీ అడక్కుండా మొట్టమొదటి గది తీసేసుకున్నాడు.

మొదటి పూట వెళ్లి చూస్తే హాల్లో బల్లలున్నాయి, కుర్చీల్లేవు. మనుషులు అసలే లేరు. వంట వెంకయ్య తల గోక్కున్నాడు.

“కుర్చీల లారీ ఇంకా రాలేదు సామీ. ఈ పూటకి మీ రూములో కుర్చీ తెచ్చుకోండి.”

గదిలోది చేతుల కుర్చీ, టేకుది, పది కేజీలకు తక్కువుండదు. రంగనాయకులు దాన్ని నెత్తిన పెట్టుకుని తెచ్చుకున్నాడు. తిన్నాక అలాగే మోసుకెళ్లాడు.

మూడోనాడు మగ్దలీనమ్మ దిగింది. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. కుర్చీ నెత్తిన పెట్టుకుని వరండాలో నడిచిపోతున్న పెద్దమనిషిని చూసి, ఇక్కడి పద్ధతి ఇది కాబోలనుకుంది. పద్ధతిని ప్రశ్నించడం ఆమె బళ్లో ఏనాడూ లేదు. తన కుర్చీ తను మోసుకొచ్చింది. దించి, దాని వెనక నిలబడి, వీపు పట్టుకుని, కళ్లు మూసుకుని ఎప్పట్లాగే భోజనానికి ముందు ప్రార్థన చేసుకుంది. ఆ మర్నాడు వచ్చిన మాజీ తాసిల్దారు నరేంద్రబాబు ఇద్దరినీ చూసి, మోయడమూ నేర్చుకున్నాడు, కళ్లు మూసుకోవడమూ నేర్చుకున్నాడు.

లారీ వచ్చేసరికి పన్నెండు మందయ్యారు. దిగుతున్న కొత్త కుర్చీలను, ఎవరింటికో రావాల్సిన పెళ్లివారిని చూసినట్టు చూశారు. మేనేజర్ క్రాంతి కుమార్ వాటిని స్టోరు గదిలో పెట్టించి తాళం వేశాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. తాసిల్దారు బుద్ధి ఎక్కడికి పోతుంది? నరేంద్రబాబు ఒకరోజు కుర్చీని ఆయాచేత మోయించాడు. అందరూ తిడితే, మర్నాడు దానికి చక్రాలు బిగించుకొచ్చాడు. రంగనాయకుల్లో నిద్రపోతున్న కండక్టరు లేచి కూర్చున్నాడు.

“ఎవురి కుర్చీ వాళ్లే మొయ్యాల. ఈడ్చగూడదు, చక్రాలు బిగించగూడదు. మొయ్యలేనోళ్లు రూములోనే తినాల. అంతే!”

అందరూ చప్పట్లు కొట్టారు. నరేంద్రబాబు రెండు రోజులు అలిగి, ఆ తర్వాత అందరికంటే పెద్ద భక్తుడైపోయాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు గదా. కుర్చీ కాళ్లు నేలకు తగులుతున్నాయేమోనని వంగి వంగి చూసేవాడు.

ఏడాది తిరిగేసరికి నలభై మంది. మూడు పూటలా, డెబ్బై ఏళ్ల వాళ్లు కుర్చీలు నెత్తినెత్తుకుని వరండాలో చీమల బారులా కదిలేవారు. శుక్రవారాలు కొందరు కుర్చీలకు పసుపూ కుంకుమా పెట్టేవారు. క్రాంతి కుమార్ అచ్చు వేయించిన రంగుల పుస్తకంలో ‘తరతరాలుగా వస్తున్న మా ఆచారం’ అని రాయించాడు. ఆ భవనం వయసు అప్పటికి పద్నాలుగు నెలలు.

అప్పుడు రంగనాయకులు కుడి భుజం పట్టేసింది. నెల్లూరు డాక్టరు ఫోటోలు తీసి, లోపల నరం తెగిందనీ, ఈ వయసులో ఆపరేషన్ వద్దనీ, ఇక జన్మలో బరువెత్తకూడదనీ చెప్పాడు. రంగనాయకులు ఎడమ చేత్తో ప్రయత్నించి, కుర్చీతో సహా వరండాలో కూలబడ్డాడు. తన రూలు తన మెడకే చుట్టుకుంది. వెంకయ్య పళ్లెం గదికి తెచ్చిపెట్టాడు.

ఆ పూట ఆదివారం, చేపల పులుసు. రంగనాయకులు ముద్ద కలిపి అలాగే చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. హాల్లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఆ ముద్ద పళ్లెంలోకే వెళ్లిపోయింది. మూడు రోజులు ఇదే పని. మనిషి చిక్కిపోయాడు. ఇలాగైతే చచ్చిపోతానని ఆయనకు నిజంగానే భయమేసింది.

మూడోరోజు సాయంత్రం సిగ్గు విడిచి, వట్టి చేతులతో హాల్లోకి వెళ్లాడు. చొక్కా లేకుండా వచ్చినవాణ్ణి చూసినట్టు చూశారంతా. భుజం సంగతి, డాక్టరు మాట దాచకుండా చెప్పాడు.

“ఇంకో నిజం గూడా చెప్తుండా. ఇది ఆచారమూ గాదు, పాడూ గాదు. ఆ దినం కుర్చీల లారీ రాలా. అంతే! స్టోరులో నుంచి నాకో కుర్చీ ఇప్పించండి, మీ పుణ్యముంటది.”

నరేంద్రబాబు కళ్లు చెమర్చాయి.

“చూసినారా, ఎంత గొప్ప మనిషో! ఇంత పద్ధతి తానే పెట్టి, పేరు మాత్రం లారీకి ఇస్తుండాడు!”

మళ్లీ చప్పట్లు.

“నిజమే సార్, లారీ రాలా” అన్నాడు వెంకయ్య.

“నువ్వుండవయ్యా, నీకేం తెలుసు?” అని పదిమంది కసిరారు.

రంగనాయకులు మగ్దలీనమ్మ వైపు చూశాడు. ఆమె తలొంచుకుంది.

“రూలు పెట్టింది మీరే గదన్నా” అంది మెల్లగా.

మామగారిని గూడూరులో దించినప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో, ఇన్నేళ్లకు రంగనాయకులుకు గుర్తొచ్చింది. గదికి వెళ్లి తలుపేసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వరండాలో ఠప్పు ఠప్పుమని చప్పుడు. రంగనాయకులు తలుపు తీశాడు. గుమ్మం ముందు నుంచి మెట్లదాకా తక్కిన ముప్పై తొమ్మిది మందీ కుర్చీలు దించి, వాటి వెనక కళ్లు మూసుకుని నిలబడి ఉన్నారు. వెనకాల వెంకయ్య అన్నం గుండిగ ఈడ్చుకొస్తూ ఎవర్నో తిట్టుకుంటున్నాడు.

నరేంద్రబాబు కళ్లు తెరిచి, తాసిల్దారు గొంతు సవరించుకున్నాడు.

“మొయ్యలేని మనిషి రూములోనే తినాల. మీరు రూములోనే ఉండారు. ఎవురి కుర్చీ వాళ్లే మొయ్యాల. మోసినాం. యాడికి మొయ్యాలో రూల్లో లేదు.”

గుమ్మానికి ఆనించి వేసిన కుర్చీ మగ్దలీనమ్మది. ఆమె చేరువగా వచ్చి, లోపలున్న ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చుంది.

“ఈ భుజం జన్మలో నయం గాదన్నాడమ్మా డాక్టరు” అన్నాడు రంగనాయకులు. “మీరు ఎన్నాళ్లని ఇట్టా మోసుకొస్తారు?”

“నిన్ననే చెప్పినారు గదన్నా, విన్నాం” అంది మగ్దలీనమ్మ. “కూచోండి, అన్నం చల్లారిపోతుండాది.”