అన్న తెచ్చిన జమ్మి

మా బాలమల్లుతో వచ్చిన చిక్కు ఒక్కటే. ఎవరైనా ఒక్క అడుగు పక్కకు జరగమంటే ఊరవతలి దాకా పోతాడు. సిరిసిల్లలో పదిహేనేళ్లు పక్కపక్కనే సాంచెలు నడిపించాం. ఆ మరమగ్గాల మోతలో ఒకరి మాట ఒకరికి వినిపించకపోయినా మనిషి నాకు బాగా తెలుసు. తాగే రోజుల్లో కల్లు కాంపౌండు మూసేదాకా కదిలేవాడు కాదు. భార్య మమతారాణి ఏడ్చి మొత్తుకుని చర్చికి తీసుకుపోయాక మళ్లీ ఒక్క చుక్క ముట్టలేదు. అందుకు ఆ పాస్టరుకు దండం పెట్టొచ్చు. నేను పెట్టాను కూడా.

పాస్టరు విగ్రహాలకు మొక్కవద్దన్నాడు. మనవాడు పక్కింటి పెండ్లిలో బువ్వ తినడమే మానేశాడు. బతుకమ్మ ఆడే సందులోంచి రాకుండా చుట్టూ తిరిగి పనికొచ్చేవాడు. తండ్రి పోయినప్పుడు తల గీయించుకోనన్నాడు. అన్న హనుమండ్లుకు కడుపు మండింది. "బాపు కన్నా చర్చి ఎక్కువైందారా నీకు? నా గడప తొక్కకు!" అన్నాడు. మూడేళ్లు మాటల్లేవు. "జర తగ్గరాదురా" అని నేనంటే, "నీకు తెల్వదు, ఊకో" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

మా దగ్గర దసరా సాయంత్రం చిన్నవాళ్లు పెద్దవాళ్ల ఇంటికి పోయి, చేతిలో జమ్మి ఆకు పెట్టి, కాళ్లు మొక్కి, గుండెలకు హత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటారు. ఆ ఆకునే బంగారం అంటాం. ఏడాదంతా కొట్టుకున్నవాళ్లు కూడా ఆ పూట కలిసిపోతారు. పెద్దవాడు చిన్నవాడి ఇంటికి పోవడం మాత్రం ఎక్కడా ఉండదు. పోయిన దసరాకు హనుమండ్లన్న ఆ పనే చేశాడు. కొత్త అంగీ వేసుకుని తమ్ముడి వాకిట్లో నిలబడ్డాడు. నేనక్కడే ఉన్నాను.

"పట్టుకోరా, బంగారం. పెద్దోణ్ని, నేనే అచ్చిన."

బాలమల్లు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "వద్దన్నా. మా దాంట్ల లేదు."

హనుమండ్లన్న చెయ్యి కాసేపు అట్లాగే ఉంది. తర్వాత ఆకు జేబులో వేసుకుని, "మంచిగుండు తమ్మీ" అని వెళ్లిపోయాడు. నా నోరేమైందో! వీడి చెంప మీద ఒక్కటిచ్చి "తీసుకోరా" అనాల్సింది. పండుగపూట లొల్లి ఎందుకని ఊరుకున్నాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

నాలుగు నెలలకు హనుమండ్లన్న సాంచె దగ్గరే గుండె ఆగి పోయాడు. కొడుకుల్లేరు, ఒక్కతే బిడ్డ నవ్యశ్రీ. కులపెద్దలు నిప్పుకుండ పట్టడానికి తమ్ముణ్ని పిలిచారు. వీడు రాడనే అనుకున్నాం అందరం. తడిబట్టలతో, రెండు చేతులూ చాచుకుని వచ్చాడు. వదిన కిష్టవ్వ అడ్డం నిలబడింది.

"ఆయన ఆకు ఇస్తె పట్టనోనివి, ఇప్పుడు నిప్పు పడ్తవా? పక్కకు జరుగు."

నవ్యశ్రీ కుండ అందుకుంది. బాలమల్లు అందరికంటే వెనక నడిచాడు.

శ్మశానానికి పాస్టరు కూడా వచ్చాడు. నేను కోపం పట్టలేక మొహం మీదే అడిగేశాను. "ఏమయ్యా, సొంత అన్న చేతిల ఆకు తీసుకుంటె మీ దేవునికి కోపమొస్తదా?"

జరిగింది చెబితే ఆయన బిత్తరపోయాడు. "ఆకు వద్దని నేనెన్నడన్న? మొక్కద్దన్న, గంతే. అన్నతోని సమాధానపడమని ఎన్ని ఆదివారాలు చెప్పిన బాలమల్లూ! ఒక్క మాట నన్నడిగితె నేనే తీసుకొమ్మందును గదా. ఎందుకడగలే?"

బాలమల్లు మట్టిలో కూలబడ్డాడు. చితి వైపే చూస్తున్నాడు.

"అడుగుదామనే అనుకున్న అయ్యా," అన్నాడు. "మా అన్న ఏడికి పోతడు, మల్ల దసరాకు అస్తడు గదా అనుకున్న."